కారు స్టీరియో వైరింగ్, 4వ పాఠం: ఫోన్ కలిపే ముందు పసుపు, ఎరుపు సంగతి

ఈసారి పూర్తిగా ఫోన్ గురించే చెబుదామనుకున్నాను. కానీ గత పాఠం చూసి వైర్లు కలిపినవాళ్లలో చాలామందిది ఒకటే బాధ: కీ తీయగానే స్టీరియో అన్నీ మరిచిపోతోంది. జత చేసిన ఫోన్ ఉండదు, గడియారం మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొందరికి అన్నీ గుర్తుంటున్నాయి గానీ, నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది.

రెండింటికీ మూలం ఒక్కటే. పసుపు వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు అందాలి. ఎరుపుకు కీ తిప్పాకే అందాలి. రెండూ కలిపి కీ లైనుకు చుడితే మతిమరుపు. రెండూ కలిపి ఎప్పుడూ ఉండే లైనుకు చుడితే స్టీరియో నిద్రపోదు.

"రంగుకు రంగే కలిపాం కదా" అంటున్నారు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఆ రంగుల లెక్క మీరు కొన్న స్టీరియో వెంట వచ్చిన వైర్లది. కారు వైపు రంగులు కారు కంపెనీ ఇష్టం. ఐఎస్ఓ కనెక్టర్‌లో (చాలా కార్లలో స్టీరియో వెనక ఉండే ప్రామాణిక ప్లగ్గు) 4వ పిన్ ఎప్పుడూ ఉండే కరెంటు, 7వది కీతో వచ్చేది. కానీ కొన్ని ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో ఈ రెండూ తారుమారు. అందుకే చాలా అడాప్టర్లలో పసుపు, ఎరుపు వైర్ల మధ్య విప్పి అటూ ఇటూ మార్చుకునే జాయింట్లు పెడతారు. అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటి: కారులో పసుపు తొడుగు, పసుపు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. స్టీరియో పసుపు వైరుకు జోడీ దొరికిందని దాన్ని ముట్టుకోకండి, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) కూడా పెట్టకండి.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను బాడీ ఇనుముకు ఆనించండి. కీ తీసి ఉండగా 12 చూపేది పసుపుకు. కీ తిప్పాక కొత్తగా వచ్చింది ఎరుపుకు. లైట్లు ఆపి చూడండి, లేకపోతే డాష్‌బోర్డు వెలుతురు వైరు కూడా 12 చూపి మోసం చేస్తుంది. కొన్ని కొత్త బండ్లలో కీ తీసినా తలుపు తెరిచేదాకా లైను బతికే ఉంటుంది. ఇంకొన్నింటిలో కీ లైనే ఉండదు, క్యాన్ అడాప్టర్ (కారులోని కంప్యూటర్ల సందేశాలు చదివి కీ కరెంటు ఇచ్చే పెట్టె) వేయాల్సిందే. వైర్లు కలిపేటప్పుడు మాత్రం బ్యాటరీ మైనస్ తీయాలి. అది మళ్లీ వివరించను.

ఇక ఫోన్. కేబుల్ డేటాది కావాలి. చార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్‌లో డేటా వైర్లు ఉండవు. ఫోన్ చార్జ్ అవుతున్నా ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్ యాప్‌లను స్టీరియో తెర మీద చూపేది) తెరుచుకోకపోతే నేను ముందు కేబులే మారుస్తాను. స్టీరియోకు రెండు యూఎస్‌బీలుంటే ఫోన్ గుర్తు ఉన్నదానికే పెట్టండి. వైర్‌లెస్‌లో బ్లూటూత్ పరిచయం చేసి తప్పుకుంటుంది, తర్వాత పనంతా వైఫైదే. ఫోన్‌లో రెండూ ఆన్‌లో ఉండాలి. మైకు నేనైతే స్టీరింగ్ కాలమ్ పైన అతికిస్తాను. ఏసీ గాలి తగిలేచోట పెడితే అవతలివాళ్లకు హోరు తప్ప మాట వినపడదు.

అభ్యాసం: స్టీరియో వెనకున్న కారు కనెక్టర్‌లో ప్రతి పిన్‌కూ కీ తీసి, కీ తిప్పి, లైట్లు వేసి, ఇంజన్ నడుపుతూ నాలుగు కొలతలు రాయండి. ఇంజన్ నడిచేటప్పుడు పసుపు, ఎరుపులకు వెళ్లే పిన్‌లలో 14 దగ్గర ఉండాలి. బండి లాక్ చేసి, మర్నాడు పొద్దున కీ పెట్టకుండా మళ్లీ కొలవండి. ఆ పట్టిక చేతిలో ఉంచుకునే 5వ పాఠం తెరవండి.