ఇంట్లో బీరు, 6వ పాఠం: డబ్బా మీద గ్లూకోజు, లోపల ఇంకేదో

ఈసారి హాప్స్, అంటే బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూల గురించి చెప్పుకోవాలి. కానీ పోయిన పాఠంలో 20 లీటర్లకు "600 గ్రాముల గ్లూకోజు" అని ఒక్క ముక్కలో తేల్చేసినందుకు, గ్రావిటీ (నీళ్లు 1.000 అనుకుంటే బీరు సాంద్రత, చక్కెర పులిసేకొద్దీ దిగుతుంది) 1.008కి దిగాల్సిన బీరు చాలామంది ఫెర్మెంటర్లలో, అంటే పులిసే డబ్బాల్లో, 1.014 దగ్గరే కూర్చుంది. హాప్స్ వచ్చేసారి. లైసెన్సు సంగతి, గిన్నెల శుభ్రం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి, మళ్లీ చెప్పను.

నేను వేయమన్నది పొడి గ్లూకోజు, అంటే డెక్స్‌ట్రోజు. మీలో చాలామంది తెచ్చింది బెంగళూరులో ఏ బేకరీ సామాన్ల కొట్లోనైనా దొరికే లిక్విడ్ గ్లూకోజు. నీళ్లలా తేటగా ఉండి, గరిటె ఎత్తితే తెగకుండా సాగుతుందే, ఆ పాకం. పేరులో గ్లూకోజు ఉంది, నాలుకకు తియ్యగానే ఉంది. అయినా ఈస్ట్ దాన్ని సగం కూడా తినదు.

మొక్కజొన్న పిండి అంటే గ్లూకోజు గొలుసులు. ఆ గొలుసులన్నీ పూర్తిగా తెంపితే డెక్స్‌ట్రోజు. సగంలో ఆపేస్తే లిక్విడ్ గ్లూకోజు. మిఠాయివాళ్లకు కావలసింది సగంలో ఆపినదే, ఎందుకంటే పాకంలో చక్కెర పలుకులు కట్టకుండా ఆపేది ఆ తెగని గొలుసులే. డబ్బా మీద డీఈ 42 అని కనిపిస్తే అది ఎంత తెగిందో చెప్పే అంకె. పూర్తిగా తెగితే 100. మామూలు డీఈ 42 పాకంలో నీళ్లు తీసేయగా మిగిలిన దాంట్లో గ్లూకోజు సుమారు 19 శాతం, రెండు గ్లూకోజుల గొలుసు మాల్టోజు 14, మూడింటి గొలుసు మాల్టోట్రయోజు 11. ఈస్ట్ తినేవి ఈ మూడే. మిగతాది డెక్స్‌ట్రిన్, అంటే ఇంకా పొడుగు గొలుసులు, అది బీరులో అలాగే ఉండిపోతుంది. పైగా డబ్బాలో దాదాపు అయిదో వంతు నీళ్లే.

మీ 600 గ్రాముల పాకం 20 లీటర్లలో ఇచ్చింది సుమారు 9 పాయింట్లు (గ్రావిటీలో 0.001 అంటే ఒక పాయింటు). అందులో అయిదు కదలవు. 1.014కి ముఖ్య కారణం అదే.

ఈ తికమకకు మూలం అమెరికా రెసిపీలు. వాటిలో కార్న్ షుగర్ అంటే పొడి డెక్స్‌ట్రోజు. కార్న్ సిరప్ అంటే మన లిక్విడ్ గ్లూకోజుకు దగ్గర బంధువు, అక్కడి కిరాణా సీసాల్లో కొన్నిటికి ఉప్పు, వెనిలా కూడా కలుపుతారు. హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ మళ్లీ వేరు, అది దాదాపు మొత్తం పులుస్తుంది. మూడూ మొక్కజొన్నవే, మూడింటి పనీ వేరు. రెసిపీలో షుగర్ అన్నాడా సిరప్ అన్నాడా అన్నది చూడకుండా కొట్టుకు వెళ్లకండి. మందుల షాపులో దొరికే నారింజ వాసన గ్లూకోజు పొడి జోలికీ పోకండి, అందులో పులుపు, రంగు కూడా ఉంటాయి.

ఇప్పుడు ఆ 1.014 బీరును ఏం చేయాలి? ముందు అది డెక్స్‌ట్రిన్ వల్ల ఆగిందా, ఈస్ట్ అలసిపోయి ఆగిందా తేల్చుకోండి. 200 మిల్లీలీటర్లు సీసాలోకి తీసి, అర చెంచా పొడి ఈస్ట్ వేసి, మూతికి ఫాయిల్ వదులుగా చుట్టి, 28–30 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచండి. అప్పుడప్పుడు ఊపండి. గ్రావిటీ దిగకపోతే అది డెక్స్‌ట్రిన్. కొంచెం మందంగా ఉండే బీరు, నిశ్చింతగా సీసాల్లో పోసుకోవచ్చు. దిగితే మాత్రం పోయకండి. మిగిలిపోయిన ఒక్కో పాయింటూ సీసాలో దాదాపు అర వాల్యూమ్ గ్యాసు (లీటరు బీరుకు లీటరు గ్యాసు ఒక వాల్యూమ్) అవుతుంది. నాలుగు పాయింట్లంటే గ్యాసు కోసం సీసాల్లో పోసేముందు మీరు వేసే ప్రైమింగ్ చక్కెర మీద ఇంకో రెండు వాల్యూములు. సీసా పగిలేది అలాగే.

ఈస్ట్ అలసిపోవడానికి ఒక కారణం, చక్కెరంతా మొదటి రోజే పోయడం. తేలిగ్గా దొరికే గ్లూకోజు ముందుంటే ఈస్ట్ మాల్టోజు తినే ఏర్పాటును పక్కన పెడుతుంది, తర్వాత మళ్లీ మొదలెట్టడానికి కొన్నిసార్లు మొరాయిస్తుంది. పులియాల్సిన దాంట్లో చక్కెర వాటా అయిదో వంతు దాటితే, నురగ పొంగు తగ్గాక రెండో, మూడో రోజున మరిగించి చల్లార్చిన పాకంగా పోయండి. అంతకన్నా తక్కువైతే మరుగు చివరి పది నిమిషాల్లో, మంట ఆపి, కలిపి, మళ్లీ వెలిగించండి. మంట ఆపకపోతే పాకం అడుగంటుతుంది. కలిపాక బాగా తిప్పకుండా గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ పెట్టినా తప్పు అంకే వస్తుంది, పాకం అడుగున ఉంటుంది కదా.

నన్నడిగితే డెక్స్‌ట్రోజు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. వంటింటి చక్కెర చాలు. 600 గ్రాముల డెక్స్‌ట్రోజు బదులు 550 గ్రాములు వేయండి. చక్కెర వేస్తే పులిసిన యాపిల్ రసం వాసన వస్తుందన్న మాటకు అసలు కారణం మోతాదు మించడం, ఈస్ట్‌కు పోషకాలు చాలకపోవడం, ఎండాకాలంలో గది వేడి. నిమ్మరసం పిండి గంటసేపు ఉడికించి చక్కెరను విడగొట్టే పనీ అనవసరం, ఈస్ట్ దగ్గర ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఉంది, అదే విడగొట్టుకుంటుంది.

బెల్లమైతే నల్లటిదే తీసుకోండి. మండ్య అచ్చులైనా అనకాపల్లిదైనా సరే, మరీ తెల్లగా మెరిసేది హైడ్రోస్ అనే రంగు తీసే రసాయనం వేసింది కావచ్చు. నీళ్లలో మరిగించి గుడ్డలో వడకడితే ఇసుక, పిప్పి పోతాయి. 300 గ్రాములు దాటితే బెల్లం రుచే మిగులుతుంది.

ప్రైమింగ్‌కు లిక్విడ్ గ్లూకోజు వద్దే వద్దు, బీరు చప్పగా మిగులుతుంది. 25 డిగ్రీల్లో పులిసిన 20 లీటర్లకు, 2.4 వాల్యూములు కావాలంటే, చక్కెర 125 గ్రాములు, డెక్స్‌ట్రోజు 145. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి.

మిగిలిపోయిన లిక్విడ్ గ్లూకోజు పారేయక్కర్లేదు. పల్చగా వచ్చే స్టౌట్‌కు (నల్లటి బీరు) 300 గ్రాములు మంచి మందం ఇస్తుంది. డబ్బాను వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, చెయ్యి, గరిటె తడిపి, గిన్నెను తూకం మీదే పెట్టి నేరుగా అందులోకి తీయండి.

అభ్యాసం: ఒకే వర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం) నాలుగు జాడీల్లో లీటరు చొప్పున పోయండి. ఒకదాన్ని అలాగే వదిలి, మిగతా మూడింట్లో 30 గ్రాముల చొప్పున చక్కెర, డెక్స్‌ట్రోజు, లిక్విడ్ గ్లూకోజు విడివిడిగా కలపండి. ఒక్కోదాంట్లో ఒక గ్రాము ఈస్ట్. మూతలు బిగించకండి. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు, నాలుగు జాడీల గ్రావిటీ, వేడి రాయండి. హైడ్రోమీటర్ 20 డిగ్రీలకు గుర్తులు పెట్టింది, గది 26లో ఉంటే ఒక పాయింటు కలుపుకోండి. ఏడో రోజు మూడింటి అంకెల్లోంచీ మొదటి జాడీ అంకెను తీసేసి చూడండి. ఈ జాడీల్లోది మాత్రం తాగకండి, ఏడు రోజులు మూత బిగించకుండా పెట్టినవి అవి.