టర్బో కారు దగ్గుతుంటే ముందు ఎక్కడ చూడాలి

రీమ్యాప్ (పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన నా 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద మూడో గేరులో 4,000 ఆర్‌పీఎం దాటగానే నీరసపడి, సైలెన్సర్‌లో టపటపా పేలేది. టర్బో పోయిందన్నాడు మెకానిక్. ఆ మాట వెంటనే నమ్మేయకండి.

ముందు చప్పుడు ఎటునుంచో వినండి. ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) వైపు ‘టప్’మంటే పెట్రోలు చాలడం లేదేమో, స్పార్క్ టైమింగ్ తప్పిందేమో చూడాలి. సైలెన్సర్‌లో పేలితే కాలని పెట్రోలు అక్కడిదాకా పోతోందని. యాక్సిలరేటర్ వదిలినప్పుడే వచ్చే చిటపటలు చాలాసార్లు రీమ్యాప్ సెట్టింగుల్లో కావాలని పెట్టినవే, వాటికి టెన్షన్ అక్కర్లేదు.

తర్వాత కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టండి. పి0302 అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని. ఆ సిలిండర్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్‌ని మూడో సిలిండర్ కాయిల్‌తో మార్చి నడపండి. కోడ్ పి0303 అయితే దోషం కాయిల్‌దే. నా కారులో కోడ్ కదల్లేదు. స్పార్క్ ప్లగ్ విప్పి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెడితే స్పార్క్ దూకే గ్యాప్ 0.9 మి.మీ. ఉంది! బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే అంత దూరం దూకలేక స్పార్క్ ఆరిపోతుంది. నాలుగు ప్లగ్‌లూ 0.65కి తెచ్చాక సగం రోగం కుదిరింది.

మిగతా సగం ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచేది) పైపుది. ఇంజన్ ఆపి, పైపుల్లోకి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి సబ్బునీళ్లు చల్లితే క్లాంప్ దగ్గర బుడగలొచ్చాయి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కేసిన గాలి దారిలో కారిపోతుంటే పెట్రోలు మాత్రం పూర్తిగా పడుతుంది. ఇలాంటప్పుడు సైలెన్సర్ నుంచి నల్లపొగ వచ్చేది అందుకే.

మిస్‌ఫైర్ ఉండగా ‘టెస్ట్’ అంటూ ఫుల్ థ్రాటిల్ కొట్టకండి. కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండితే, ఆ వేడికి అది కరిగిపోవచ్చు.