మీదికొచ్చే పుంజును దారిలోకి తెచ్చుకోవడం ఎలా?

పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో నూకలు ఏరుకు తిన్న పుంజే ఐదారు నెలలు వచ్చేసరికి మనిషి మీదికి ఎగిరి తన్నడం మొదలుపెడుతుంది. పెరట్లో బట్టలు ఆరేయాలంటే చేతిలో కర్ర ఉండాలి, పిల్లల్ని ఒంటరిగా వదలాలంటే టెన్షన్. చాలా ఇళ్లలో దీనికి రెండే మందులు: కర్రతో బాదడం, లేదంటే కోసి కూర వండేయడం. మొదటిది పనిచేయదు. రెండోదాని అవసరం చాలాసార్లు రాదు.

ముందు, ఎందుకు వస్తోందో చూడండి

పెట్టల్ని కాపాడటం పుంజు పని. గద్ద నీడ కనబడితే అరిచి హెచ్చరించేది, కుక్క వస్తే ముందు నిలబడేది అదే. యుక్తవయసుకు వచ్చిన కొత్తలో ఆ ఉడుకు మరీ ఎక్కువ. ఆ శత్రువుల లెక్కలో మనిషిని కూడా వేసుకున్నప్పుడే మనకు ఇబ్బంది. ఒళ్లో పెట్టుకుని మరీ గారాబంగా పెంచిన కోడిపిల్లలు పెద్దయ్యాక ఇలా తిరగబడటం తరచూ కనిపిస్తుంది. వాటికి మనిషంటే జంకు ఉండదు, మనల్ని సాటి పుంజులాగే చూస్తాయి. అందుకే మగపిల్ల అని తెలిసిన దగ్గర్నుంచి ముద్దు తగ్గించి, మేత వేసి పక్కకు తప్పుకోవడం మంచిది.

రెండు మూడు రోజులు గమనించండి. ఎవరి మీదికి వస్తోంది? మేత వేసేటప్పుడా, గుడ్లు తీసేటప్పుడా, పెట్టను పట్టుకున్నప్పుడా? ఊగే బకెట్, గాలికి ఎగిరే చీర కొంగు, పరుగెత్తే పిల్లలు కొన్ని పుంజులను రెచ్చగొడతాయి. కారణం దొరికితే సగం పని అయినట్టే. పెట్ట అరుపు విని ఎగబడే పుంజు ఉంటే, పెట్టల్ని చీకటి పడ్డాక గూట్లోంచి తీసుకోండి, దాని కళ్లముందు పట్టుకోకండి.

దాడికి ముందు పుంజు చెప్పే వస్తుంది. మెడ ఈకలు నిక్కబొడుస్తుంది, ఒక రెక్క నేలకు వాల్చి మన చుట్టూ అడ్డంగా అడుగులేస్తుంది, గింజ లేకపోయినా నేలను పొడుస్తుంది. వెనక నుంచి చప్పుడు చేయకుండా వచ్చేవి కూడా ఉంటాయి కాబట్టి, అలాంటిదానికి వీపు చూపించకుండా నడవాలి.

పందెం జాతి అయితే మనిషి మీదికి రావడం ఖాయమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అసీల్ అనే పందెం జాతి పుంజు సాటి పుంజును చూస్తే ఆగదు గానీ, పెంచిన మనిషి చేతిలో చాలావరకు బుద్ధిగా ఉంటుంది. పుంజుల మీద కోపం వేరు, మనుషుల మీద కోపం వేరు. మన పెరటి నాటు పుంజే మనిషిని ఎక్కువ తన్నవచ్చు.

మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలి?

పరుగెత్తకండి. పారిపోతే తానే గెలిచానని దానికి అర్థమవుతుంది, రేపు ఇంకాస్త దూరం తరుముతుంది. కాలితో తన్నకండి. తంతే మీరు కూడా పోట్లాటకు దిగినట్టే, దాని పట్టుదల పెరుగుతుంది, కాళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. నిటారుగా నిలబడి, దానివైపు తిరిగి, మీకూ దానికీ మధ్య బకెట్టో ప్లాస్టిక్ తట్టో అడ్డం పెట్టండి. నెమ్మదిగా ఒక అడుగు ముందుకు వేయండి. అది చూపు తిప్పుకుని, ఈకలు దించి, పక్కకు వెళ్లేదాకా ఆ చోటు వదలకండి. ఆ తర్వాత మీ పని మీరు చేసుకోండి. దాన్ని దారిలోకి తెచ్చుకునే రోజుల్లో మందపాటి ప్యాంటు, బూట్లు వేసుకుని పెరట్లోకి వెళ్లండి. భయం లేకపోతేనే కదలకుండా నిలబడగలరు.

రోజూ ఇదే తంతు అయితే చేతికి అలవాటు చేయాలి. రాత్రి గూట్లో ఉన్నప్పుడు పుంజు మందకొడిగా ఉంటుంది, పట్టుకోవడం సులువు. రెక్కలు ఒంటికి అదిమి, కాళ్లు కదలకుండా పట్టుకుని చంకలో పెట్టుకోండి. దాని ముక్కు మీ కళ్లకు దూరంగా ఉండాలి. తల్లకిందులుగా వేలాడదీయకండి, పక్షికి ఊపిరి ఆడటం కష్టమవుతుంది. నాలుగు రోజులు రాత్రిపూట అలవాటయ్యాక పగలు కూడా ఇలాగే పది నిమిషాలు ఎత్తుకుని తిరిగి, గింజుకోవడం మానాక దించండి. గింజుకుంటుండగా వదిలితే, గింజుకుంటే వదులుతారని నేర్చుకుంటుంది. ఇంట్లో మేత వేసే పెద్దవాళ్లంతా ఒకే పద్ధతి పాటించాలి. ఒకరు ఎత్తుకుని, ఇంకొకరు చీపురుతో కొడితే ఏదీ నిలవదు.

పెరట్లో మార్చాల్సినవి

ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉంటే మంద నెమ్మదిగా ఉంటుంది. మూడు పెట్టలకు ఒక పుంజు ఉంటే ఆ పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోతాయి, రెండు పుంజులుంటే రోజూ రక్తమే. పుంజులు కొట్టుకుంటుంటే చేతులు మధ్యలో పెట్టకండి, మీద గోనెసంచి వేసి విడదీయండి. ఆ తర్వాత వేర్వేరుగా ఉంచాల్సిందే. కొత్త పుంజును తెస్తే వారం పది రోజులు ఇనప జాలీకి అటువైపు ఉంచి, ఒకదానికొకటి కనబడనిచ్చాకే కలపండి. మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టండి.

తన్నిన వెంటనే గంప కింద కాసేపు మూయడం మన ఊళ్లలో పాత పద్ధతే. నీడన అయితే ఫర్వాలేదు. ఎండలో, నీళ్లు లేకుండా గంప కింద వదిలేస్తే వేసవిలో ప్రాణం పోతుంది.

కాలి వెనక ముల్లు బాగా పెరిగి ఉంటే కొనను ఆకురాయితో అరగదీయండి. లోపల ఎముక, రక్తం ఉంటాయి కాబట్టి మొదలంటా కోయకూడదు. కొన మొండిగా ఉంటే చాలు, గాయం లోతుకు దిగదు.

గాయమైతే

సబ్బుతో, ధారగా పారే నీళ్లతో బాగా కడగండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. ముల్లు దిగిన గాయం పైకి చిన్నదిగా కనబడినా లోపల లోతుగా ఉంటుంది. టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి, ఎర్రబడి వాస్తే ఆలస్యం చేయకండి. పక్షుల వల్ల రేబిస్ రాదు. కాళ్లలో నరాలు ఉబ్బిన పెద్దవాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆస్ట్రేలియాలో పుంజు పొడవగా ఉబ్బిన సిర తెగి, రక్తస్రావంతో ఒక వృద్ధురాలు చనిపోయిన సంగతిని 2019లో వైద్య పత్రికలో ప్రచురించారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పుంజును జాలీ వెనక పెట్టడం ఈరోజే చేయాలి, ఎందుకంటే దాని ముక్కు, ముల్లు వాళ్ల కంటి ఎత్తుకే వస్తాయి.

ఎంతకీ మారకపోతే

నెల రోజులు ఓపిగ్గా చేసినా మారకపోతే ఇంకా పట్టుపట్టనక్కర్లేదు. గుడ్లు మాత్రమే కావాలంటే అసలు పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పొదగవు, అంతే. కొంత కోపం వంశంలోనే వస్తుంది కాబట్టి అలాంటి పుంజున్న మంద గుడ్లను పొదగేయకండి. అమ్మితే దాని సంగతి దాచకుండా చెప్పి అమ్మండి. సంక్రాంతి ముందు పందేలకోసం అడిగేవాళ్లు వస్తారు, ఇవ్వకండి. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, పైగా మీరు పెంచిన ప్రాణిని కత్తి కట్టి చంపించడం నాకైతే ఒప్పుకోలేని విషయం. కూరకే అయితే ఇంట్లోనే, త్వరగా, నొప్పి తక్కువగా కానివ్వండి. ముదురు పుంజు మాంసం గట్టిగా ఉంటుంది, కుక్కర్లో ఎక్కువసేపు ఉడకాలి.

దాని బదులు ఇంకొకటి తెచ్చుకోవాలంటే పిల్లను కొనకుండా, ఎనిమిది నెలలు దాటిన పుంజును చూడండి. అమ్మేవాళ్ల పెరట్లోకే వెళ్లి, వాళ్ల పిల్లలు పక్కనుంచి నడుస్తుంటే అది ఏం చేస్తుందో కాసేపు నిలబడి చూసి, అప్పుడు బేరమాడండి.