స్పెషల్ ఎడ్యుకేటర్ ఉద్యోగానికి సీవీ పంపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏటా మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు పాఠశాలలు కొత్త విద్యా సంవత్సరానికి ఉపాధ్యాయులను తీసుకుంటాయి. అనుబంధ పాఠశాల ప్రతిదానిలోనూ స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు బోధించే శిక్షణ పొందిన టీచరు, ఉండాలని సీబీఎస్‌ఈ నియమం ఉంది కాబట్టి ఈ ఉద్యోగానికీ అప్పుడే పిలుపులు వస్తాయి. బడులు తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ తొందర పెరిగి, తోటి విద్యార్థి సీవీలో పేరూ ఫోన్ నంబరూ మార్చి పంపేసేవారిని చాలామందిని చూశాను. కొన్నేళ్లుగా ఒక ప్రత్యేక పాఠశాల తరఫున ఈ సీవీలు చదివే పని నాది. మరో ఉద్యోగంలో సీవీలో ఒక మాట ఎక్కువ రాస్తే నష్టపోయేది సంస్థో అభ్యర్థో అవుతారు. ఇక్కడ ఆ మాటను నమ్మి, తరగతిలో ఏం జరిగిందో ఇంటికి వెళ్లి చెప్పలేని పిల్లవాడిని మీకు అప్పగిస్తారు. అందువల్ల ఈ సీవీని బలంగా రాయడమంటే మీరు నిజంగా చేసిన పనిని, చేసినంత మేరకు, చదివేవారి కళ్లకు కట్టేలా రాయడమే.

రాయడం మొదలుపెట్టే ముందు మీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదును బయటికి తీసి చూసుకోండి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం కేంద్ర పునరావాస రిజిస్టరులో (సీఆర్‌ఆర్) పేరు లేనివారు ఈ వృత్తి చేయకూడదు. 13వ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సీఆర్‌ఆర్ నంబరును పేరు కిందనే, చెల్లుబాటు తేదీతో సహా రాయండి. గడువు ముగిసి పునరుద్ధరణకు దరఖాస్తు చేసి ఉంటే ఆ మాటను దరఖాస్తు తేదీతో అక్కడే చెప్పండి, ఎందుకంటే గడువు దాటిన సర్టిఫికెట్ ఇంటర్వ్యూ బల్ల మీద బయటపడితే మిగతా సీవీ ఎంత బాగున్నా ఎదుటివారికి అనుమానం మిగిలిపోతుంది. మన ఆడపిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. పదో తరగతి మెమోలోనూ ఆర్‌సీఐ సర్టిఫికెట్‌లోనూ పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. సీవీలో సర్టిఫికెట్‌లోని పేరునే పైన పెట్టి, మారిన ఇంటిపేరును ఆ పక్కనే రాస్తే ఆఫీసులో మీ కాగితాలు ఇద్దరు మనుషులవిగా కనిపించవు.

కోర్సు పేరు సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే ఉండాలి. ‘బీఈడీ’ అని రాసి ఊరుకుంటే అది సాధారణ బీఈడీయో స్పెషల్ ఎడ్యుకేషనో తెలియదు. స్పెషల్ ఎడ్యుకేషన్ అని రాసినా ఏ వైకల్యంలో శిక్షణ పొందారో రాయకపోతే సగమే చెప్పినట్టు. దృష్టి లోపంలో శిక్షణ పొందినవారు తెలుగు భారతి బ్రెయిలీ చదవగలరా, టేలర్ ఫ్రేమ్ మీద లెక్కలు చేయించగలరా, తెల్ల కర్రతో నడిపించడం నేర్పారా అన్నవి విడివిడిగా చెప్పాలి. వినికిడి లోపంలో శిక్షణ పొందినవారు సైగల భాష ఏ స్థాయి వరకు వచ్చునో చెప్పాలి. పాత సర్టిఫికెట్లలో కోర్సు పేరు పక్కన ‘ఎంఆర్’ (మెంటల్ రిటార్డేషన్) అనే అక్షరాలు ఉంటాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ కూడా ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అయింది కానీ, 1984లో మొదలైనప్పుడు ‘మెంటల్లీ హ్యాండీక్యాప్డ్’ అనే మాటతో దాని పేరు ఎన్‌ఐఎంహెచ్. చదువుల పట్టికలో ఆ పాత పేర్లను దిద్దకండి, దిద్దితే అసలు సర్టిఫికెట్‌తో సరిపోవు. అయితే మీరు సొంతంగా రాసే వాక్యాల్లో మాత్రం ‘మేధో వైకల్యం’ వంటి నేటి పదాన్నే వాడండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 వైకల్యాలు ఉండగా 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆ తేడా తెలిసినవారు రాసిన సీవీ రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

అందరూ తడబడేది అనుభవం దగ్గరే. శిక్షణలో భాగంగా చేసిన ప్రాక్టీస్ టీచింగ్‌ను ఉద్యోగానుభవంలో కలిపి రెండేళ్లను మూడేళ్లు చేయకండి. దానికి వేరే శీర్షిక పెడితే అది కూడా గౌరవంగానే నిలుస్తుంది. రెండు రోజుల వర్క్‌షాపుకు హాజరైతే రెండు రోజులనే రాయాలి తప్ప ఆ పద్ధతిలో ‘సర్టిఫైడ్’ అనకూడదు. మీ వృత్తి హద్దునూ చూసుకోండి. ఎఫ్ఏసీపీ వంటి చెక్‌లిస్టుతో పిల్లవాడి ప్రస్తుత స్థాయిని అంచనా వేసి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయడం స్పెషల్ ఎడ్యుకేటర్ పనే. ‘పిల్లల్లో ఆటిజాన్ని నిర్ధారించాను’, ‘స్పీచ్ థెరపీ ఇచ్చాను’ అన్నవి మాత్రం మన పరిధిలోవి కావు. స్పీచ్ థెరపిస్టు రాసిచ్చిన అభ్యాసాలను వారి పర్యవేక్షణలో తరగతిలో చేయించి ఉంటే ఆ మాటే పూర్తిగా రాయండి. నలుగురితో కలిసి పనిచేయగల మనిషని దానివల్లే తెలుస్తుంది. ఇక ‘ఆటిజాన్ని నయం చేశాను’ అన్న వాక్యం కనిపించిన సీవీని నేను పక్కన పెట్టేస్తాను, ఎందుకంటే అలాంటి మాటలు నమ్మి ఇల్లూ పొలమూ అమ్ముకున్న తల్లిదండ్రులు మా గేటు దాకా వచ్చి కూర్చోవడం చూశాను.

చేసిన పనిని ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక అభ్యర్థి సీవీలో పెద్ద మాటలేవీ లేవు. అనుభవం కింద ‘ఏడేళ్ల పిల్లవాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నాలుగు నెలల్లో నేర్పాను, కింది గుండీతో మొదలుపెట్టాను’ అని ఒక వాక్యం ఉంది. కింది గుండీయే ఎందుకని ఇంటర్వ్యూలో అడిగాము. మెడ దగ్గరి గుండీ పిల్లవాడి కంటికి కనపడదనీ, కింద ఉన్నదైతే తల వంచి తన వేళ్లను తానే చూసుకోగలడనీ, మొదటి మూడు వారాలు గుండీని సగం దూర్చి ఇచ్చి చివరి లాగుడు మాత్రమే అతనితో చేయించాననీ ఆవిడ చెప్పింది. ఆ తరువాత మేము అడగవలసింది పెద్దగా మిగల్లేదు. ఆ ఒక్క వాక్యంలో పిల్లవాడి వయసు, నేర్పిన పని, పట్టిన కాలం, ఎంచుకున్న పద్ధతి ఉన్నాయి.

అదే రోజు వచ్చిన ఇంకో సీవీలో ‘తీవ్ర ప్రవర్తనా సమస్యలున్న పిల్లలను విజయవంతంగా అదుపు చేశాను’ అని ఉంది. అదుపు అనే మాట చదవగానే చేయి పట్టి కూర్చోబెట్టారేమోనన్న భయం కలుగుతుంది. ఆ వ్యక్తిని మాట్లాడించగా తెలిసినదేమిటంటే, ప్రార్థన గంట మోగగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తే పిల్లవాడికి గంటకు రెండు నిమిషాల ముందే బొమ్మ కార్డు చూపించి, వరండా చివర నిలబడే వీలు కల్పించి, పరుగెత్తిన రోజులను ఒక నోటు పుస్తకంలో లెక్క రాశారు. రోజూ జరిగేది కొన్ని నెలలకు వారంలో ఒకటి రెండుసార్లకు తగ్గింది. ఇంత చక్కటి పని చేసినవారు సీవీలో దాన్ని అదుపు అనే ముతక మాట కింద దాచేశారు. కారణం ఏమిటి, మీరు ఏం మార్చారు, ఎంత తగ్గింది, దాన్ని ఎలా లెక్కపెట్టారు అన్న నాలుగూ రాస్తే చాలు. పూర్తిగా తగ్గలేదని రాయడానికి సంకోచించకండి. మా పనిలో పూర్తిగా తగ్గడం అరుదని చదివేవారికీ తెలుసు.

ఇంత వివరంగా రాయమంటున్నాను కాబట్టే పిల్లల గోప్యత గురించి అంత గట్టిగానూ చెప్పాలి. పిల్లల పేర్లు, ఫోటోలు, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు నంబర్లు, అసెస్‌మెంట్ రిపోర్టులు, వీడియోలు సీవీతో పాటు వెళ్లకూడదు. పేరు తీసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఫలానా మండలంలోని ఫలానా బడిలో నాలుగో తరగతి చదివే సెరెబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయి అని రాస్తే, ఆ ఊళ్లో అలాంటి అమ్మాయి ఒక్కతే ఉంటుంది కనుక పేరు రాసినట్టే. అనుభవం కింద బడి పేరు రాయక తప్పదు, అందుచేత పిల్లవాడి వివరాన్ని ఆ బడి పేరు కింద కాకుండా ‘చేసిన పనులు’ అనే వేరే భాగంలో, తరగతీ సంవత్సరమూ లేకుండా పెట్టండి. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఒక పిల్లవాడు మొదటిసారి పెన్సిల్ పట్టుకున్న ఫోటోను సంతోషం కొద్దీ నా బయోడేటాకు జతచేశాను. ఆ బయోడేటా ఎవరెవరి చేతులో మారి ఆ పిల్లవాడి మేనత్త ఫోనుకు చేరింది. అంతవరకు బాబు సంగతి బంధువులకు చెప్పుకోని ఆ తల్లి మా తరగతి గుమ్మం దగ్గర నిలబడి, ‘మీకెవరు చెప్పమన్నారు?’ అని అడిగిన మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటోంది. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లను రెఫరెన్సులుగా ఇవ్వడమూ ఇలాంటిదే. కాదనలేక సరేననేవారే ఎక్కువ. మీ పనిని చూసిన ప్రధానోపాధ్యాయులనో, కలిసి పనిచేసిన థెరపిస్టునో అడిగి, వారు ఒప్పుకున్నాకే పేరు ఇవ్వండి.

మాటల విషయంలోనూ ఇంతే శ్రద్ధ కావాలి. ‘ఆటిజం బాధితులు’, ‘మూగ పిల్లలు’, ‘మామూలు పిల్లలు’ వంటివి తీసేసి ఆటిజం ఉన్న పిల్లలు, మాట రాని పిల్లలు, తోటి పిల్లలు అని రాయండి. ‘దివ్యాంగులు’ ప్రభుత్వం వాడే మాట, తప్పు కాదు; అయితే దాన్ని ఇష్టపడనివారు వికలాంగుల్లోనే ఉన్నారు. ‘ప్రత్యేక అవసరాలున్న పిల్లలు’ అంటే ఎక్కువమందికి సరిపోతుంది.

మన రంగంలో సొంత బిడ్డ కోసం ఈ చదువు చదివిన తల్లులు చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో ఆరేడేళ్ల ఖాళీ కనిపిస్తుందని వారు భయపడతారు. ఆ ఖాళీని దాచవద్దు, దానికి సిగ్గుపడవలసిన పనీ లేదు. ‘కుటుంబ బాధ్యతల కారణంగా విరామం, ఈ కాలంలో స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా పూర్తిచేశాను’ అన్న ఒక్క వాక్యం చాలు. బిడ్డ వైకల్యం గురించి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఆ కథ మీ ఒక్కరిది కాదనీ రేపు పెద్దయ్యే మీ బిడ్డది కూడా అనీ తలచుకుని నిర్ణయించుకోండి. చెప్పినా, ఆ సంవత్సరాలను ఉద్యోగానుభవంగా లెక్కించకండి.

మీ స్వంత భద్రతకూ కొన్ని మాటలు. సీవీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి కాబట్టి ఆధార్ నంబరు, పూర్తి చిరునామా, కులం, తండ్రి ఉద్యోగం వంటివి అందులో అక్కరలేదు. ఊరు, ఫోను, ఈమెయిలు చాలు. ఇంటర్వ్యూకు ముందే రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవారికి సీవీ పంపకండి. పిల్లల రక్షణపై మీకు శిక్షణ ఉంటే, పోక్సో చట్టం గురించి తెలిసి ఉంటే, పోలీసు ధ్రువీకరణకు సిద్ధమైతే ఆ మూడింటినీ ఒక వాక్యంలో రాయండి.

ప్రభుత్వ పోస్టులది వేరే దారి. 2024 తెలంగాణ డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు ఉన్నాయి. అక్కడ చూసేది అర్హతనూ పరీక్ష మార్కులనూ కనుక సీవీ కన్నా సర్టిఫికెట్లలోని పేర్లు, తేదీలు కలవడం ముఖ్యం. ఇంగ్లండ్‌లో ఈ ఉద్యోగాలకు ప్రయత్నించే తెలుగువారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడి పిల్లల రక్షణ మార్గదర్శకాల ప్రకారం పాఠశాలలు సీవీని ఒంటరిగా తీసుకోకూడదు, దానితో పాటు పూర్తి దరఖాస్తు పత్రం కూడా ఉండాలి. ఉద్యోగాల మధ్య ఖాళీలు ఎందుకు వచ్చాయో వారు అడిగి తెలుసుకుంటారు. మన వ్యక్తిగత విద్యా ప్రణాళికను అక్కడి ఈహెచ్‌సీ (విద్య, ఆరోగ్యం, సంరక్షణ) ప్లాన్‌గా అనువదించకండి, అది స్థానిక ప్రభుత్వ సంస్థ జారీచేసే చట్టబద్ధమైన పత్రం.

అంతా అయ్యాక రెండు పేజీలకు మించకుండా చూసి, పీడీఎఫ్ చేసి, ఒకసారి మీ ఫోనులోనూ ఇంకెవరిదైనా ఫోనులోనూ తెరిచి చూడండి. అక్షరాలు చెదిరిపోతే అప్పుడే తెలుస్తుంది. ఏ పాఠశాలకు ఏ రోజున ఏ ప్రతి పంపారో రాసిపెట్టుకుని, ఆ ప్రతినే అచ్చు తీసుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి, ఎందుకంటే ప్రశ్నలు అడిగేవారి చేతిలో ఉండేది ఆ ప్రతే.