కంప్యూటర్లో గణిత చిహ్నాలు – 3: హైఫన్ వేరు, మైనస్ వేరు

గత పాఠంలో గుణకార చిహ్నం చూశాం. దానికి బదులు ఇంగ్లీషు ఎక్స్ కొట్టేస్తే చూసినవారు ఇట్టే పట్టేస్తారు. ఈసారి గుర్తు అంత తేలిగ్గా దొరకదు. ముందు ఈ మూడింటినీ కళ్లు దగ్గర పెట్టి చూడండి:

+5   −5   -5

చాలా ఫాంట్లలో రెండోదాని గీత ప్లస్‌లోని అడ్డగీతంత పొడవు, దానంత ఎత్తులోనే ఉంటుంది. మూడోది పొట్టిగా, కాస్త కిందికి జారి ఉంటుంది. కీబోర్డుపై సున్నా పక్క మీట నొక్కితే వచ్చేది ఈ పొట్టిదే. టైప్‌రైటర్ల కాలంలో హైఫన్‌కూ మైనస్‌కూ ఒకే మీటతో సరిపెట్టుకున్నారు. కంప్యూటర్లో ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య ఇచ్చిన 1963 నాటి ఆస్కీ పట్టిక కూడా అదే సర్దుబాటుతో ఆ గీతకు 45 అనే సంఖ్య ఇచ్చింది. ప్రపంచ భాషల అక్షరాలకు, గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టిక దాన్ని 'హైఫన్-మైనస్' అంటుంది. రాజీ పేరులోనే ఉంది. అసలు మైనస్‌కు మాత్రం విడిగా 2212 అనే స్థానం కేటాయించింది.

ఈ 2212 పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. మన లెక్కలో 2×4096 + 2×256 + 1×16 + 2, అంటే 8722.

ఫైలులోకి ఇది ఎలా చేరుతుందో చేత్తో చేసి చూద్దాం. 8722ను రెండు ఆధారంగా రాస్తే 0010001000010010. పదహారు బిట్లు, అంటే పదహారు సున్నాలూ ఒకట్లూ. ఎడమ నుంచి 4, 6, 6గా కోయండి: 0010, 001000, 010010. మొదటి ముక్కకు ముందు 1110, మిగిలిన రెంటికీ ముందు 10 తగిలించండి. వచ్చేవి 11100010, 10001000, 10010010. అంటే 226, 136, 146 అనే మూడు బైట్లు (ఎనిమిదేసి బిట్ల ముక్కలు). యూనికోడ్ సంఖ్యను ఇలా బైట్లుగా మార్చే పద్ధతే యూటీఎఫ్-8. మన 'అ' అక్షరం కూడా ఇదే అచ్చులో మూడు బైట్లుగా మారుతుంది. పొట్టి గీతకు మాత్రం 45 అనే ఒక్క బైటు చాలు.

ఇక టైపు చేయడం. వర్డ్‌లో 2212 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ముందు వేరే అంకె ఆనుకుని ఉంటే 2212ను మాత్రమే సెలెక్ట్ చేసి నొక్కాలి, లేకపోతే ఆ అంకెనూ కలిపేసుకుంటుంది. లైనక్స్‌లో చాలాచోట్ల కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 2212 కొట్టి, ఎంటర్ చేయాలి. మ్యాక్‌లో యూనికోడ్ హెక్స్ ఇన్‌పుట్ కీబోర్డు ఎంచుకుని, ఆప్షన్ పట్టుకుని అవే నాలుగు అంకెలు. వెబ్ పేజీ కోడులో అయితే − అని రాస్తే సరి. ఫోనులో నేను ఒకసారి కాపీ చేసి షార్ట్‌కట్‌గా దాచుకున్నాను.

అయితే అందమైన గీత దొరికింది కదా అని అన్నిచోట్లా వాడకండి. ఒకసారి ఒక చలి ఊరి ఉష్ణోగ్రతలను వెబ్ పేజీ నుంచి ఎక్సెల్‌లో అతికించాను: 3, −5, −2, 4. సగటు సున్నా రావాలి. 3.5 వచ్చింది! పొరపాటు సందేశమైనా లేదు. తేరిపార చూస్తే 3, 4 గడిలో కుడివైపుకు ఆనుకుని ఉన్నాయి. −5, −2 ఎడమవైపు ఉన్నాయి. ఎక్సెల్ వాటిని సంఖ్యలుగా కాక మాటలుగా తీసుకుని, లెక్కలోంచి వదిలేసింది. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో పైగడిలో పొడుగు గీత అతికించి, కిందిగడిలో కీబోర్డు గీత కొట్టి మార్చేసరికి సున్నా వచ్చింది. పైథాన్ ప్రోగ్రాములోనూ తీసివేతకు 45వ నంబరు గీతే కావాలి; పొడుగుది కనబడితే చెల్లని అక్షరమంటూ ఆగిపోతుంది. నా మటుకు నియమం ఇది: మనిషి చదివేదానికి 2212, యంత్రం లెక్కించేదానికి 45.

అభ్యాసం: వర్గమూల చిహ్నం √ సంఖ్య 8730. దాని మూడు బైట్లు ఏవి? మొత్తం కోతంతా మళ్లీ చేయకుండానే చెప్పవచ్చు. 8722కూ దానికీ తేడా ఎంతో చూడండి. జవాబు నాలుగో పాఠంలో.