క్యాంపర్ వ్యాన్‌లో కరెంటు పోయిందా? చెయ్యి పెట్టే ముందు

రుషికొండ దగ్గర బండి ఆపి రెండు రాత్రులు గడిపాక లైట్లు మసకబారితే, చాలామంది ముందు స్క్రూడ్రైవర్ తీస్తారు. ఆగండి. బయటి నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల ప్లగ్గు ముందు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఆపినా లోపలి కెపాసిటర్లలో చార్జి కాసేపు నిలిచే ఉంటుంది, దాని మూత జోలికి పోవద్దు.

ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులే కదా అంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ స్పానర్ రెండు టెర్మినళ్లకూ, లేదా పాజిటివ్‌కూ నెగెటివ్ కలిసి ఉన్న బండి బాడీకీ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారి ఎర్రగా కాలిపోతుంది. అందుకే విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర్న నెగెటివ్. పైన సోలార్ ప్యానెల్ ఉంటే బ్యాటరీ కంటే ముందు దాన్ని వేరు చేయాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది, తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?

వోల్టులు కొలిచే ముందు మల్టీమీటర్ వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోలేదు కదా, చూసుకోండి. కొన్ని గంటలు వాడకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టే. అప్పుడు టెర్మినళ్లు చూడండి. మన ఉప్పుగాలికి పచ్చటి చిలుము పడుతుంది, నా లెక్కలో సగం రోగం అక్కడే.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి. రాగి తీగ చుట్టి అరకు ఘాట్ ఎక్కొద్దు.