అమ్మమ్మ జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేయించాలనుకుంటే

మా అమ్మమ్మ సంవత్సరీకానికి గుంటూరులో నలభై పేజీల చిన్న పుస్తకం వేయించి చుట్టాలకి పంచాం. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు ఎలా చేశారు, మా అమ్మకి కూడా చేయాలి అని అడుగుతూనే ఉన్నారు, అందుకే ఒక్కసారి రాసేస్తున్నా.

ముందు ఆ పొగడ్తలు పక్కన పెట్టండి. మేం మొదట రాసుకున్నది ప్రేమమూర్తి, అన్నపూర్ణ, అందరికీ తల్లిలాంటిది అని, చదివితే ఎదురింటావిడకి కూడా సరిపోద్ది. మా అమ్మమ్మ అన్నపూర్ణే కానీ తిట్టి మరీ పెట్టేది, రెండో ముద్దకే చాలంటే "ఎవరికి మిగిల్చావురా" అని నెత్తి మీద ఒకటిచ్చేది. పరువు పోద్ది, అవన్నీ ఎందుకురా అన్నాడు మావయ్య, పిన్ని రాయమంది, రాశాం.

మనుషులు దొరికేది పెద్దకర్మ రోజే, ఆ తర్వాత ఎవరి ఊరు వాళ్ళు పోతారు. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలేసుకుని కూర్చుంటారు కదా, అడిగి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేయండి, టేబుల్ ఫ్యాన్‌కి మాత్రం దూరంగా పెట్టండి. ఆవిడ గురించి చెప్పండి అంటే "దేవతమ్మా" అని ఆగిపోతారు. డబ్బులెక్కడ దాచేది, ఎవరితో మాటలు మానేసింది అని అడగండి. డబ్బుల మాటెత్తగానే మావాళ్ళు ముగ్గురు ఒకేసారి మొదలెట్టారు, బియ్యం డ్రమ్ములో అని ఒకరు, పాత చీర మడతలో అని ఒకరు, ఒక్కొక్కరికి ఒక్కో చోటు చెప్పిందన్నమాట ముసల్ది!

తారీఖులే పెద్ద తలనొప్పి. స్కూల్ సర్టిఫికెట్ నమ్మొద్దు, చేర్పించిన రోజు మాస్టారికి తోచింది వేసేవాళ్ళు. పెద్దవాళ్ళకి తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటది, లేకపోతే ఊళ్ళో జరిగిన సంగతి గుర్తుంటది, రెండూ కలిపి చూసుకోవాలి. మా అమ్మ దుర్ముఖిలో, బెజవాడ బ్యారేజి పనులు జరిగేటప్పుడు పుట్టిందని అమ్మమ్మ అనేది. ప్రకాశం బ్యారేజి కట్టింది 1954-57 మధ్య, దుర్ముఖి 1956 ఉగాదికి మొదలై 1957 ఉగాదికి ముందు అయిపోయింది, కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్న 1958 తప్పు. అరవై ఏళ్ళకి అదే పేరు మళ్ళీ వస్తది, 2016 కృష్ణా పుష్కరాలు కూడా దుర్ముఖిలోనే, అందుకే ఊళ్ళో సంగతి కూడా అడగమనేది. ఉప్పెనకి మావయ్య మూణ్ణెల్ల పిల్లాడంట, దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న, ఇంకేముంది, ఆగస్టు దరిదాపు. ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తది కాబట్టి ఆ ముందు నెలల్లో పుట్టినవాళ్ళ లెక్క ఇంకోసారి చూసుకోండి.

వంటలు రాసేటప్పుడు పిడికెడు, కాస్తంత అని వదిలేయకండి. అమ్మమ్మ ఆవకాయకి కారం, ఆవపిండి అన్నీ సోలతో కొలిచేది. సోలంటే నాలుగు గిద్దలు, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, లెక్క ఇదే కానీ ఒక్కో ఇంట్లో సోల ఒక్కో సైజు. అందుకే ఆవిడ వాడిన ఇత్తడి సోలే వెతికి, కారం పోసి అంచుకి సమంగా తలకొట్టి కాటా మీద తూచాం, తర్వాత ఆవపిండి, ఉప్పు విడివిడిగా. మూడూ ఒకే సోల, బరువులు మాత్రం మూడు రకాలు. పిన్ని ఇన్నేళ్ళూ మూడూ గ్రాముల్లో సమానంగా పెట్టి ఎందుకు కుదరట్లేదో అప్పుడర్థమైంది.

ఫోటోలు ఆల్బమ్‌లో అతుక్కుపోయుంటే పీకొద్దు, పగటి వెలుగులో ఫ్లాష్ లేకుండా పేజీ పేజీనే ఫోన్‌తో తీయండి. విడిగా ఉన్నవాటి వెనక కూడా తీయండి, స్టూడియో ముద్రో తారీఖో ఉంటది. గొంతు ఉంటే ఈరోజే రెండు చోట్ల దాచండి. నేను బ్యాకప్ తీయకుండా ఫోన్ మార్చి ఆవిడ వాయిస్ మెసేజ్‌లన్నీ పోగొట్టుకున్నా, తమ్ముడి దగ్గర ఒకటి మిగిలింది, పదకొండు సెకన్లు, గ్యాస్ బండ వచ్చిందా అని అడుగుతుంటది.

అచ్చుకి అరండల్‌పేట వైపు డీటీపీ షాపులో ఇచ్చాం, ప్రూఫ్ మాత్రం పేర్లు తెలిసిన పెద్దాళ్ళతో చదివించండి. చివర నాలుగు పేజీలు ఖాళీగా వదిలాం, వచ్చినవాళ్ళు రాస్తారని. పాలు పోసే ఆయనకి రాయడం రాదు, మా చెల్లితో రాయించాడు: "నీళ్ళు కలిపావని రోజూ అనేది. ఒక్కరోజు కూడా మానిపించలేదు."